గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు మాటిమాటికీ మూత్రంలో మంట: తెలిసినవాళ్లు చెప్పండి

రాజంపేట_వాసి:
మా వదిన కువైట్‌లో 20 నంబర్ వీసా మీద ఇంటిపనిలో ఉంది. ఎండాకాలం వచ్చిందంటే చాలు, మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి. అడిగితే "వేడి చేసిందిలే" అంటుంది. ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ షీట్లు పంపమంటోంది. పోయినసారి రెండు రోజులు వేసుకుని, మంట తగ్గగానే ఆపేసిందట. మేడంకి చెప్పాలంటే సిగ్గు. ఏం చేయమంటారు?

చిట్వేలి_అక్క:
తమ్ముడూ, మీ వదిన బాధ నాకు తెలుసు. నేను పనిచేసిన ఇల్లు మూడంతస్తులు. వంటిల్లు కింద, పనివాళ్ల బాత్రూం మేడ మీద. అతిథులు కూర్చున్నప్పుడు వాళ్ల ముందు నుంచి పైకి పోకూడదు. ఇక పొద్దుట తాగిన చాయ్ తప్ప సాయంత్రం దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. నీళ్లు తాగితేగా పైకి పోవాల్సింది! రంజాన్ నెలలో మరీ ఘోరం, రాత్రంతా గిన్నెలే.
సిగ్గుంటే మేడంతో "హర్కాన్ బోల్" అని అరబ్బీలో రెండు ముక్కలు అనమను, మూత్రంలో మంట అని అర్థమైపోతుంది. మా మేడం కోపిష్టిదే కానీ ఆ మాట వినగానే తనే క్లినిక్‌కి తీసుకెళ్లింది.

జగిత్యాల_దుబాయ్:
మగవాళ్లం తక్కువేం కాదు అన్నా. ఇక్కడ దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్, అది రూలు. ఆ టైములో నీడ దొరుకుతుంది, శుభ్రమైన టాయిలెట్ దొరకాలిగా. మా రూంలో ఒకాయన సబ్జా గింజలు, మజ్జిగ అంటూ నెలంతా గడిపాడు. చివరికి స్కానింగ్ చేస్తే రాయి, దాంతోపాటు ఇన్ఫెక్షన్. ఇంకొకతనికి మంటతోపాటు చీము కారేది, అది వేరే సంగతి. భార్యకు తెలుస్తుందని డాక్టర్ దగ్గరికే పోలేదు.

ల్యాబ్_బెంచ్_వరంగల్:
ఆ రెండో అతను గనేరియా, క్లామిడియా అనే సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి. రెండూ మందులతో నయమయ్యేవే, గనేరియాకైతే మామూలుగా ఇంజెక్షన్ ఇస్తారు. భార్యకూ పరీక్ష, మందు తప్పవు, లేకపోతే సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.
వదినగారికి సిప్రో పంపకండి. ఆమెకున్నలాంటి మూత్రం ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ.కోలై అనే బాక్టీరియా వల్లే. మూత్రంలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూడటాన్ని కల్చర్ అంటారు. మా దగ్గర ఆ రిపోర్టుల్లో సిప్రో ఎదురుగా 'ఆర్' అనే అక్షరం చూసీ చూసీ విసుగొచ్చింది. అంటే మందు పనిచేయదని. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్స్ చాలామందికి ఇంకా పనిచేస్తున్నాయి, కానీ ఏది వాడాలో డాక్టర్ చెప్పాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వాలి. రెండు మాత్రలు మింగి వస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, "ఏం లేదు" అని రిపోర్టు రావచ్చు.
మరోమాట. మూత్రంలో చీము కణాలు కనిపిస్తూ, కల్చర్‌లో మాత్రం పదేపదే ఏమీ రాకపోతే కిడ్నీ టీబీ కూడా అనుమానించాలి. మన దేశం నుంచి వెళ్లినవాళ్ల విషయంలో అక్కడి డాక్టర్లకు ఈ మాట గుర్తుచేసినా తప్పులేదు.

సలాలా_నర్సు:
చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందన్నమాట. మంట తగ్గడానికి ఇచ్చే తియ్యటి సిరప్ బాక్టీరియాను చంపదు, దాన్ని నమ్ముకోవద్దు. నైట్రోఫ్యూరాంటోయిన్ రాసిస్తే అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం గోధుమ రంగుకు మారితే కంగారు పడక్కర్లేదు.

బాలాపూర్_వాలంటీర్:
గల్ఫ్ దాకా ఎందుకు, హైదరాబాద్‌లో మా బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల బస్తీల్లోనూ ఇదే కథ. నాలుగైదు గుడిసెలకు ఒకటే మరుగుదొడ్డి. ఆడపిల్లలు చీకటి పడేదాకా ఆపుకుంటారు. చేతిలో ఉండేది శరణార్థి కార్డు, ఆసుపత్రి కౌంటర్లో అడిగేది ఆధార్. ఓపీ చీటీ కోసం వాదించి వాదించి నా గొంతు పోతుంది. గర్భిణులనైతే మంట లేకపోయినా మూత్ర పరీక్షకు తీసుకెళ్తాం. కడుపుతో ఉన్నప్పుడు ఏ లక్షణమూ లేకుండా బాక్టీరియా ఉండొచ్చు, వదిలేస్తే కిడ్నీకి పాకుతుంది, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదమూ ఉంది. "నొప్పి లేనిదే పరీక్ష ఎందుకు బేటీ" అని అత్తలు అడ్డం పడతారు. కోడళ్ల కంటే ముందు అత్తలకు చెప్పుకోవాలి ఇక్కడ.

రాజంపేట_వాసి:
అందరికీ థాంక్సండీ. షీట్లు పంపట్లేదు. చిట్వేలి అక్క చెప్పిన రెండు ముక్కలు వాయిస్ మెసేజ్‌లో పంపాను. వదిన నవ్వింది, మేడంతో అంటానంది. శాంపిల్ ఎలా ఇవ్వాలో కూడా చెప్తారా?

ల్యాబ్_బెంచ్_వరంగల్:
ముందు నీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. మూత లోపల వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, కాబట్టి ఇంట్లో పట్టి తీసుకెళ్లేకంటే అక్కడే ఇవ్వమనండి.