ఉదయగిరి దుర్గం ఎక్కాలనుంది, దారి ఎలా ఉంటుంది?

కావలి నుంచి రాస్తున్నా. డిసెంబరులో మా అబ్బాయిని తీసుకుని ఉదయగిరి కొండ ఎక్కాలని ఉంది. వాడికి పన్నెండేళ్లు. మా నాయన కుర్రతనంలో ఎక్కి, పైనుంచి కనపడే చెరువుల గురించి చెబుతుండేవాడు. ఇప్పుడాయన లేడు. ఆ చెరువులు వాడికీ చూపించాలి. పిల్లాడు ఎక్కగలడా?

జవాబు: మాది ఉదయగిరే అన్నా. పిల్లాడు ఎక్కుతాడు, కాకపోతే తెల్లారక ముందే బయలుదేరండి. కొండ సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తు. పాత రాతిమెట్లు అక్కడక్కడా కూలిపోయాయి, మధ్యలో కంపచెట్లు అడ్డమొస్తాయి. ఫుల్ చేతుల చొక్కా వేయండి. పోయినేడు దిగేటప్పుడు చీకటి పడింది, టార్చి ఆరిపోయింది. నాచు పట్టిన రాయి మీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయింది. అందుకే చెబుతున్నా, మూడింటికల్లా దిగడం మొదలుపెట్టండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాల్సిందే.

జవాబు: ఎక్కే ముందు బాబుకి కథ చెప్పండి. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. అది తెలిస్తే ఆ గోడలు వాడికి వేరేగా కనపడతాయి.

జవాబు: మరీ కష్టమనిపిస్తే ముందు భైరవకోన నడిపించండి. కొండరాయిని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం.

కావలి నుంచి: థాంక్సన్నా. దుర్గమే ఎక్కుతాం. దిగాక ఉదయగిరి చెక్క గరిటె ఒకటి మా అమ్మకి తెస్తా.