పళ్ళొస్తున్న పాప రాత్రంతా కునుకు తీయడం లేదు, ఏం చేస్తే కాస్త ఊరట?

నైట్ డ్యూటీ నాన్న:

అందరికీ నమస్తే. మా పాపకి ఏడో నెల నడుస్తోంది. మొన్నమొన్నటిదాకా నవ్వుతూ ఆడుకునే పిల్ల, ఈమధ్య కింద పడుకోబెడితే చాలు గుక్కపెట్టి ఏడుస్తోంది. ఎప్పుడు చూసినా పిడికిలి నోట్లోనే ఉంటుంది, చొంగకి గడ్డం, మెడ ఎర్రగా కందిపోయాయి. పాలు పట్టుకున్నట్టే పట్టుకుని రెండు గుక్కలు తాగి వదిలేసి మళ్ళీ ఏడుపు. కింది చిగురు ఉబ్బి తెల్లటి గీతలా కనిపిస్తోంది కాబట్టి పళ్ళే అనుకుంటున్నాం. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, నిన్నటినుంచి విరేచనం కూడా కొంచెం పల్చగా అవుతోంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో పళ్ళొచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే అంటున్నారు. తెలిసినవాళ్ళు చిగుళ్ళకి రాసే జెల్ పేరు ఒకటి చెప్పారు, రాయొచ్చా? టీథర్‌ని (పిల్లలు కొరుక్కునే బొమ్మ) ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వమని ఇంకొకరు. రాత్రిపూట మా ఆవిడా నేనూ వంతులేసుకుని ఎత్తుకుంటున్నాం, ఇద్దరికీ ఓపిక అయిపోయింది. నిజంగా పనిచేసేదేంటో చెప్పండి ప్లీజ్.

ఇద్దరు పిల్లల తల్లి:

ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి తమ్ముడూ, ఇది దాటిపోతుంది. మా ఇద్దరికీ బాగా పనిచేసింది చల్లదనం, ఒత్తిడి, ఈ రెండే. మెత్తటి శుభ్రమైన గుడ్డని తడిపి పిండి, ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, ఒక కొస మీరు పట్టుకుని ఇంకో కొస పాప నోటికి ఇవ్వండి. టీథర్ కూడా ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకట్టిన వస్తువు మరీ గట్టిగా ఉంటుంది, లేత చిగురుకి దెబ్బ తగులుతుంది. లోపల నీళ్ళలాంటిది ఉండే టీథర్లు కొరికితే చిల్లు పడొచ్చు, అందుకే నేను ఒకే ముక్కగా ఉండే సిలికాన్‌దో రబ్బరుదో ఎంచుకుంటాను. అదీ లేకపోతే మీ వేలే. చేతులు బాగా కడుక్కుని, గోరు కత్తిరించుకుని, చిగురు మీద ఒకట్రెండు నిమిషాలు కాస్త గట్టిగానే రుద్దండి. మొదట మొహం తిప్పేసుకుంటుంది, ఆ తర్వాత వేలు వదలదు చూడండి.

పాలు పట్టే ముందు ఇలా చేస్తే మంచిది. చప్పరించేటప్పుడు ఉబ్బిన చిగురు మీద ఒత్తిడి పడి సలుపుతుంది, అందుకే రెండు గుక్కలకే వదిలేస్తోందేమో. ఘనాహారం మొదలుపెట్టి ఉంటే ఫ్రిజ్‌లో చల్లబరిచిన పండు గుజ్జు ఒక చెంచా ఇచ్చి చూడండి. అంతేగానీ గట్టి పచ్చి కూరగాయ ముక్కలు నమలమని ఇవ్వకండి, చిన్న ముక్క విరిగినా గొంతుకి అడ్డం పడుతుంది.

గడ్డం ఎర్రబడింది అన్నారు కదా, అది చొంగ తడి వల్లే. తుడిచేటప్పుడు రుద్దకుండా ఒత్తి తుడవండి, పడుకోబెట్టే ముందు పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తే తడి చర్మానికి అంటదు. తడిసిన బిబ్ వెంటనే మార్చేయండి, నిద్రపోయేటప్పుడు మాత్రం మెడకి ఏమీ ఉంచొద్దు.

గడుగ్గాయి వాళ్ళమ్మ:

మేమైతే జెల్ రాశాం, పది నిమిషాల్లో నిద్రపోయాడు. అంత భయపడాల్సిందేం లేదు. ఆ ఏడుపు విన్నవాళ్ళకే తెలుస్తుంది మా బాధ.

మందుల కౌంటర్ వెనక నుంచి:

పైన జెల్ గురించి రాసినవారి బాధ అర్థమవుతుంది కానీ దీన్ని అలా వదిలేయలేను. నేను ఫార్మసీలో పనిచేస్తాను, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. చిగుళ్ళని మొద్దుబార్చే జెల్స్‌లో చాలావాటిలో బెంజోకైన్‌గానీ లిడోకైన్‌గానీ ఉంటుంది. బెంజోకైన్ వల్ల అరుదుగానే అయినా రక్తం ఆక్సిజన్ మోసే శక్తి ఒక్కసారిగా పడిపోయే పరిస్థితి వస్తుంది, దాన్ని మెథిమోగ్లోబినీమియా అంటారు. పెదాలు, గోళ్ళు నీలంగానో బూడిదరంగులోనో మారి, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో రెండేళ్ళలోపు పిల్లలకి ఇది వాడొద్దని గట్టిగా చెప్పింది. లిడోకైన్ ద్రావణం మీద 2014లోనే హెచ్చరిక ఇచ్చింది, ఎక్కువగా లోపలికి పోతే ఫిట్స్, గుండె ఇబ్బందులు రావచ్చని. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకున్నా దక్కేది కాసేపే, చొంగ కారే నోట్లో జెల్ ఎంతసేపని నిలుస్తుంది? బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఉండే హోమియో మాత్రల మీదా ఇలాంటి హెచ్చరికలే ఉన్నాయి. మెడలో వేసే అంబర్ పూసల దండలయితే ఇంకా ఘోరం, గొంతు బిగుసుకోవచ్చు, పూస ఊడి గొంతులో ఇరుక్కోవచ్చు. తేనె రాద్దామని ఎవరైనా అంటే ఏడాది నిండేదాకా అదీ వద్దు, బొటులిజం భయం ఉంది, అంటే బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు.

నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రాత్రి పారాసిటమాల్ ఇవ్వొచ్చు, కానీ మీ డాక్టర్ని అడిగి. మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఒక్కోసారికి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల తేడాతో, 24 గంటల్లో నాలుగుసార్లకి మించకుండా. ఇక్కడ చాలామంది పొరబడేది ఎక్కడంటే, డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. డ్రాప్స్‌లో మందు చిక్కగా ఉంటుంది, సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే మోతాదు ఎన్నో రెట్లయిపోతుంది. సీసా మీద ఎన్ని ఎంఎల్‌కి ఎంత మందో చదవండి, టీస్పూన్‌తో కాకుండా దాంతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకి అసలు ముట్టించొద్దు. అలాగని రోజూ రాత్రి పారాసిటమాల్ ఇచ్చి నిద్రపుచ్చడం కూడా పద్ధతి కాదు.

పేరెందుకులే:

విరేచనాల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అసలు చూడాల్సింది అదే. అన్నిటికీ పళ్ళనే అంటే మన పెద్దవాళ్ళకి సులువు గానీ పిల్లకి మంచిది కాదు. 2000లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, వంద మందికి పైగా పసిపిల్లల ఉష్ణోగ్రత, లక్షణాలు తల్లిదండ్రులతో రోజూ రాయించారు. పన్ను బయటపడే రోజుకి 4 రోజుల ముందు నుంచి 3 రోజుల తర్వాత దాకా చొంగ, కొరకడం, చిరాకు, చెవి రుద్దుకోవడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం పెరిగాయి. విరేచనాలకి, వాంతులకి, దగ్గుకి, బాగా ఎక్కువ జ్వరానికి మాత్రం పళ్ళతో సంబంధం కనపడలేదు. మరి రెండూ కలిసి ఎందుకొస్తాయంటే, ఆరో నెల దాటేసరికి తల్లినుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోతూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. ఇన్‌ఫెక్షన్ దాన్నుంచి వస్తుంది, నింద పన్ను మీద పడుతుంది.

కాబట్టి చెయ్యి పెట్టి చూడటం మానేసి థర్మామీటర్ పెట్టండి. 38 సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది పళ్ళ జ్వరం కాదు, డాక్టర్‌కి చూపించండి. విరేచనాలు ఎక్కువైనా, డైపర్ తడవడం తగ్గినా, నోరు ఎండినట్టున్నా, పిల్ల మగతగా పడి ఉన్నా ఆగొద్దు. ఒక చెవినే పట్టి లాగుతూ పడుకోబెడితే ఏడుపు పెరుగుతుంటే చెవి కూడా చూపించాలి.

నైట్ డ్యూటీ నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే పెట్టి చూశాం, 37.3 ఉంది. డైపర్లు ఎప్పటిలాగే తడుస్తున్నాయి, పొద్దుట్నుంచి విరేచనం మళ్ళీ గట్టిపడింది. అయినా రేపు ఒకసారి చూపిస్తాం. జెల్ కొనలేదు, కొనం. చల్లటి గుడ్డ ఇచ్చాం, పీక్కున్నా వదలట్లేదు! ఇంకో రెండు డౌట్లు. పాలిచ్చేటప్పుడు చిగురుతోనే కసుక్కున కొరుకుతోంది, మా ఆవిడకి ప్రాణం పోతోంది. టార్చ్ వేసి చూస్తే కింది చిగురు మీద పక్కన చిన్న నీలం బుడిపె ఉంది, అదేంటి?

ఇద్దరు పిల్లల తల్లి:

37.3 అయితే కంగారు లేదు. కొరికినప్పుడు పిల్లని ఒక్కసారిగా లాగేయకూడదని చెప్పండి, చనుమొన చీరుకుపోతుంది. నోటి మూల నుంచి చిటికెన వేలు చిగుళ్ళ మధ్యకి పెట్టి పట్టు వదిలించాలి, అరవకుండా నిదానంగా "వద్దు" అని ఒక నిమిషం ఆపి మళ్ళీ ఇవ్వాలి. ఎక్కువగా కడుపు నిండాక ఆటకి కొరుకుతారు, గుటకలు ఆగిపోగానే తీసేస్తే సరిపోతుంది.

నీలం బుడిపె మా చిన్నాడికీ వచ్చింది. పన్ను పైకి వచ్చేచోట చిగురు కింద కాస్త ద్రవమో రక్తమో చేరితే అలా ఉంటుంది, పన్ను పొడుచుకు రాగానే దానంతటదే పోతుంది. గుచ్చడం, చిదమడం చేయొద్దు. రేపు ఎలాగూ వెళ్తున్నారు కదా, డాక్టర్‌కి అదీ చూపించండి. పన్ను బయటపడిన రోజునుంచే మెత్తటి చిన్న బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ పెట్టి రోజుకి రెండుసార్లు తోమండి. సాధారణంగా కింది ముందు పళ్ళు రెండూ వచ్చాక, 8 నుంచి 12 నెలల మధ్య పైవి మొదలవుతాయి, దవడ పళ్ళప్పుడు ఇంకొంచెం గోల ఉంటుంది. ఆ గుడ్డ ఇంకో రెండు తడిపి ఫ్రిజ్‌లో ఉంచుకోండి, రాత్రికి పనికొస్తాయి.