చర్చ: మూడు చోట్ల నడిచే ఆస్పత్రికి సొంత సర్వరా, క్లౌడా?

హనుమకొండ అడ్మిన్
మాది 30 పడకల ఆస్పత్రి. నర్సంపేటల, పరకాలల ఓపీ క్లినిక్‌లు తెరుస్తున్నం. బిల్లింగ్, ల్యాబ్, మందుల స్టాకు ఇప్పటిదాకా ఒక్క కంప్యూటర్‌ల పాత సాఫ్ట్‌వేర్ మీదనే. ఒకరు సర్వర్ కొనుమంటున్నరు, ఇంకొకరు నెలనెలా చందా కట్టి క్లౌడ్‌కు (నెట్ మీద వేరే కంపెనీ సర్వర్లు వాడుకునుడు) పొమ్మంటున్నరు. ఏది మేలు?

కాజీపేట కేబుల్
సొంత సర్వరే, సార్. మే నెల గాలిదుమారంల కరెంటు, నెట్ జంటగనే పోతయి. రెండు కంపెనీల ఫైబర్ తీసుకున్నా, రెండూ ఒకే స్తంభం మీదికెళ్లి వస్తే ఒక్క చెట్టుకొమ్మ చాలు. పైగా స్కాన్ల బరువు చూడండి. సీటీలో ఒక్కో స్లైస్ (ఒక్కో అడ్డకోత బొమ్మ) అర ఎంబీ, 400 స్లైసులంటే 200 ఎంబీ. 20 ఎంబీపీఎస్ లైన్ మీద అది 80 సెకన్ల పని. సాయంత్రం లైన్ 5కు పడితే 5 నిమిషాలు దాటుతది. అప్పటిదాక డాక్టర్ తెర వంక చూస్తూ కూసుంటరా?

ఫైర్‌వాల్ పరకాల
అన్నా, ఆ సర్వర్ ఎక్కడ పెడతారు? సెల్లార్‌లోనే కదా! 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు చుట్టుపక్కల కాలనీల్లోకి ఎన్ని నీళ్లు వచ్చాయో మీకే తెలుసు. సర్వర్ ధర ఒక్కటే లెక్క కాదు. ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి, మన ఎండలకు దాని బ్యాటరీలు రెండు మూడేళ్లకే దిగిపోతాయి. ఏసీ కావాలి. సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ఎవరు వేస్తారు, బిల్లింగ్ అబ్బాయా? ‘రెయిడ్ ఉంది, బ్యాకప్ ఎందుకు’ అనేవాళ్లూ ఉన్నారు. రెయిడ్ 1 అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లో రాయడం, ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది. ఎవరైనా పొరపాటున రికార్డు చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌కు) చిక్కి, రెండు వారాల దాకా కాగితాల మీదే నడిపారు.

కాజీపేట కేబుల్
ఎయిమ్స్ పేరు చెప్పి క్లౌడ్ అమ్మకు తమ్మీ. కౌంటర్‌ల నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్ అయితే, డేటా ఎక్కడున్నా దొంగకు తలుపు తీసినట్టే. 2023 డేటా రక్షణ చట్టంల భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాక ఉన్నది. అది సర్వర్ ఎక్కడున్నదని అడగదు.

ల్యాబ్ లెక్కలు
మీ ఇద్దరి కొట్లాట తర్వాత. ముందు పేషెంట్ నంబరు తేల్చుకోండి. క్లౌడ్ అయినా, సొంత సర్వర్ అయినా రెండో బ్రాంచి తెరవంగనే బెడిసికొట్టేది ఇదే. మూడు చోట్లా 1001 నుంచి మొదలుపెడితే, రేపు కలిపేటప్పుడు ఒకరి షుగర్ రిపోర్టు ఇంకొకరి ఫైల్‌ల పడతది. పేరుతోటి వెతికితే శ్రీనివాస్ అనే పేరును ఇంగ్లీషుల నాలుగు తీర్ల కొడతరు. ఫోన్ నంబరుతోటి వెతికితే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే. అందుకని ఒక్కో చోటికి ఒక్కో వరుస ఇయ్యండి: మొత్తం 8 అంకెలు, హనుమకొండ 1తోటి, నర్సంపేట 2తోటి, పరకాల 3తోటి మొదలు. చివరి అంకె చెక్ అంకె (ముందు అంకెల లెక్క నుంచి వచ్చేది), చేతితో కొట్టేటప్పటి తప్పును అక్కడికక్కడే పట్టిస్తది. నెట్ లేకున్నా కొత్త నంబరు పుడతది, ఇంకోదాంతో ఢీకొట్టదు. బిల్లు నంబర్లకు కూడా కౌంటర్‌కు ఒక వరుస.

14 అంకెల ఆభా నంబరును (సర్కారు హెల్త్ ఐడీ) వేరే గడిల పెట్టండి, దాన్నే అసలు నంబరు చేయొద్దు. అది స్వచ్ఛందం, లేనోళ్లు వస్తనే ఉంటరు.

హనుమకొండ అడ్మిన్
నంబర్ల సంగతి సమజైంది. మరి స్కాన్లు?

ల్యాబ్ లెక్కలు
రోజుకు 15 సీటీలంటే 3 జీబీ, ఏడాదికి 1 టీబీ చిల్లర. బొమ్మలు హనుమకొండలనే పెట్టుకోండి, మొదటి అంతస్తుల, ఆర్థాంక్ లాంటి ఉచిత డైకామ్ సర్వర్ (స్కాన్ బొమ్మలు దాచే సాఫ్ట్‌వేర్) మీద. రాత్రిపూట వాటి నకలు బయటికి పంపాలె. రిజిస్ట్రేషన్, రిపోర్టులు, బిల్లులు అక్షరాలే గనుక క్లౌడ్‌ల బరువు కావు. క్లినిక్‌లకు ఫైబర్ పక్కన 4జీ రౌటర్ పెట్టి, ఓపీ రద్దీల ఫైబర్ పీకి చూడండి. టోకెన్ ఆగిందంటే ఆ ఏర్పాటు పని చేయనట్టే.

ఫైర్‌వాల్ పరకాల
రెండు చోట్ల పెడితే రెండు తలనొప్పులు. ఆ డైకామ్ పెట్టెకూ యూపీఎస్, ప్యాచ్‌లు తప్పవు. సీటీ మెషీన్ సొంతంగా లేకపోతే నేనైతే ఆ పెట్టే వద్దంటాను.

కాజీపేట కేబుల్
అది ఒప్పుకుంట. కానీ క్లౌడోళ్లతోటి సంతకం పెట్టే ముందు ఒక మాట రాయించుకోండి: మానేసిన రోజు డేటాబేస్ పూర్తి డంప్ (వేరే కంప్యూటర్‌ల ఎక్కించుకునే మొత్తం డేటా నకలు) ఇయ్యాలె, పీడీఎఫ్‌ల కట్ట కాదు. ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏండ్లు ఉంచే బాధ్యత, అడిగితే 72 గంటల్ల ఇచ్చే బాధ్యత డాక్టర్ మీదనే ఉంటది, సాఫ్ట్‌వేర్ అమ్మినోని మీద కాదు.

ల్యాబ్ లెక్కలు
ఆ డంప్‌ను నెలకోసారి పాత కంప్యూటర్‌ల ఎక్కించి, నిన్నటి చివరి బిల్లు అందుల ఉన్నదా చూడండి. ఎక్కించుడు మొదలైనప్పటి నుంచి బిల్లు కనిపించేదాక ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోండి. సిస్టం పడ్డనాడు కాగితం రశీదు పుస్తకాలు అన్ని గంటలకు సరిపోయేటన్ని కౌంటర్‌ల ఉండాలె.