దిస్ హీట్ ‘డిసీట్’ను మళ్ళీ ఎలా వినాలి?

ప్రశ్న:
దిస్ హీట్ అనే ముగ్గురు సభ్యుల బ్రిటిష్ రాక్ బృందం చేయగా, 1981లో రఫ్ ట్రేడ్ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌ను పదేళ్ళ క్రితం విని, గోలగా ఉందని పక్కన పెట్టాను. మొన్న రాత్రి బెంగళూరు మెట్రోలో ఇందిరానగర్ దాటుతుండగా మళ్ళీ పెట్టుకుంటే, ‘స్లీప్’ అనే మొదటి పాట ప్రకటనల మాటలనే జోలపాటగా మార్చి పాడుతున్న తీరుకు ఒళ్ళు జలదరించింది. తక్కిన పాటలు మాత్రం ఇంకా చిక్కడం లేదు. దారి చూపగలరా?

మొదటి జవాబు:
తాళాన్ని పట్టుకోండి. మల్లేశ్వరంలో చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నందువల్ల కాబోలు, నాకు బృంద సభ్యుడు చార్ల్స్ హేవర్డ్ డ్రమ్స్ ద్వారానే ఈ ఆల్బమ్ తెరుచుకుంది. గిటారు ఒక లెక్కలోను, డ్రమ్స్ మరో లెక్కలోను నడుస్తున్నట్లు అనిపించే చోట చేత్తో తాళం వేస్తూ వింటే, గందరగోళమనుకున్నది ఎంత పకడ్బందీగా కట్టినదో తెలుస్తుంది. లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో మాంసం నిల్వచేసిన పాత శీతల గదిని స్టూడియోగా మార్చుకుని, టేపులు కోసి అతికిస్తూ పనిచేసిన ముగ్గురి ఓపిక అది.

రెండో జవాబు:
తాళంతో పాటు భయాన్ని కూడా వినాలండీ. అణుయుద్ధం ముంచుకొస్తుందని బ్రిటన్ వణికిన రోజుల రికార్డు ఇది. ‘ఇండిపెండెన్స్’ పాటలో 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మాటలనే పాడారు, ఆ గంభీరమైన వాక్యాలు అక్కడ ఎంత ఒంటరిగా వినిపిస్తాయో గమనించండి. సంగీత శిక్షణ లేకుండానే బృందంలో చేరిన గారెత్ విలియమ్స్ తర్వాత కథకళి నేర్చుకోవడానికి కేరళకు వచ్చారు.

ప్రశ్న అడిగినవారు:
తాళం వేస్తూ ఇందులోని ‘సెనొటాఫ్’ పాట విన్నాను. ఈసారి ఆపబుద్ధి కాలేదు.