విదేశీ ఓటీ విభాగంతో ఒప్పందం: సంతకానికి ముందు ఏం తేల్చుకోవాలి?

ప్రశ్న:
మా ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ, అంటే రోగులు రోజువారీ పనులు తామే చేసుకునేలా చేసే చికిత్స) విభాగానికి ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదరబోతోంది. ఏటా రెండు వారాలు విద్యార్థులతో వస్తామని, స్ప్లింట్ల (చేతిని, వేళ్లను సరైన స్థితిలో పట్టి ఉంచే పట్టీల) సామగ్రి, వీల్‌చైర్లు ఇస్తామని అంటున్నారు. ఏం చూసుకోవాలి?

జవాబు 1:
రెండు వారాల్లో అంచనా వేసి, లక్ష్యాలు పెట్టడం వరకే అవుతుంది. ఆ తర్వాత ఆ రోగుల్ని ఎవరు చూస్తారో ఒప్పందం అనుబంధంలో పేరు, హోదాతో రాయించండి. లేకపోతే వాళ్లు విమానం ఎక్కిన రోజే చికిత్స ఆగిపోతుంది. బాధ్యులు రెండు వైపులా ఇద్దరేసి ఉండాలి, ఒక్కరి మీదే నడిచే ఒప్పందం ఆ ఒక్కరి బదిలీతో చచ్చిపోతుంది. వచ్చేవారికి స్థానిక రిజిస్ట్రేషన్ లేకపోతే రోగికి నేరుగా చికిత్స చేయాల్సింది మీ థెరపిస్టే. రోగుల ఫొటోలు, కేసు వివరాలు దేశం దాటడానికి విడిగా సమ్మతి పత్రం తీసుకోండి.

జవాబు 2:
సామగ్రి గురించి. స్ప్లింట్లు చేసే థర్మోప్లాస్టిక్ షీట్లు (వేడికి మెత్తబడే ప్లాస్టిక్) సుమారు 60 నుంచి 75 డిగ్రీల నీటిలో మెత్తబడతాయి. వేడి గదిలో పేర్చి పెడితే అతుక్కుపోతాయి, తయారైన స్ప్లింట్ ఎండలో ఉన్న కారులో వదిలితే వంకర పోతుంది. ఇచ్చిన షీట్లు అయిపోయాక ఎవరు కొంటారు? జవాబు లేకపోతే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ స్ప్లింట్లు కూడా నేర్పమనండి.

వీల్‌చైర్లయితే అన్నీ ఒకే సైజులో కంటైనర్ నిండా పంపొద్దనండి, మొహమాటపడొద్దు. సీటు మరీ వెడల్పైతే కటి ఒక పక్కకు ఒరుగుతుంది, బరువంతా అటే పడి పుండ్లు పడతాయి. కొలతలు తీయడం, సరిచేయడం, వాడకం నేర్పడం, మరమ్మతు, మళ్లీ పిలిచి చూడడం అన్నీ కలిస్తేనే సేవ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. టైరు, ట్యూబు, బేరింగ్ మీ ఊళ్లో దొరికే సైజులేనా, అడగండి.

జవాబు 3:
ప్రపంచ ఓటీ సమాఖ్య కనీస ప్రమాణాల ప్రకారం విద్యార్థికి 1000 గంటల క్షేత్ర శిక్షణ కావాలి. వాళ్ల విద్యార్థుల గంటలు మీ దగ్గర పూర్తవుతాయంటే పర్యవేక్షించే మీ థెరపిస్టు గంటలు పోతున్నట్టే. వాటికి చెల్లింపు అడగండి. వీసా, టికెట్ల వల్ల మీ విద్యార్థులు వెళ్లలేకపోతే నెలకోసారి ఆన్‌లైన్ కేసు చర్చ పెట్టించండి, అందులో సగం కేసులు మీవే ఉండాలి.

జవాబు 1:
అవును. కొలమానాలనూ (రోగి ఏ పనులు చేసుకోగలడో మార్కులతో అంచనా వేసే ప్రశ్నావళులను) వదిలేయొద్దు. స్నానానికి షవర్, తిండికి ఫోర్కు ఉన్న ప్రశ్నావళిని మాటలు మాత్రం తెలుగులోకి మార్చి వాడితే నేల మీద కూర్చునే మనిషికి మార్కులు తప్పు పడతాయి. అనువాదానికి హక్కుదారుల అనుమతి కూడా ముందే తీసుకోవాలి.