పాత కలకత్తా రోడ్డు పక్క సత్రం, దాని మాన్యం ఎప్పటివి?

ప్రశ్న:
ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చే పాత రోడ్డు మీద పాడుబడ్డ సత్రం, నుయ్యి, మామిడి తోపు, వెనక కాస్త పల్లం భూమి ఉన్నాయి. శిలాఫలకంలో ‘తారణ సంవత్సరం’ మాత్రమే తెలుస్తోంది, శకం అంకెలు సున్నంలో పూడిపోయాయి. పెంకుల మీద 1865 అని ఉంది. ఇనాం రిజిస్టరులో (శిస్తు మినహాయించి ఇచ్చిన భూముల పట్టికలో) ఈ మాన్యం కనబడలేదు. కాలం ఎలా తేల్చాలి?

జవాబు 1:
పెంకుల్ని నమ్మకండి. 1865 మంగుళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. ఆ తర్వాత చేసిన పెంకుల మీదా అదే అచ్చు పడింది. పైగా కప్పు ఎన్నిసార్లయినా మారుతుంది.
తారణ 60 ఏళ్లకోసారి వస్తుంది: 1824, 1884, 1944. శకం 1746 ఉంటే 1824, 1806 ఉంటే 1884. సున్నాన్ని యాసిడ్‌తో, ఇనప బ్రష్‌తో గీకకండి, అక్షరం కూడా పోతుంది. తడిపి, నానాక వెదురు పుల్లతో మెల్లగా తీయండి. చీకటి పడ్డాక టార్చిని రాతికి పక్కవాటుగా పట్టి ఫొటో తీస్తే గాట్లు నీడల్లో తేలతాయి.

జవాబు 2:
రిజిస్టరులో లేకపోవడం కూడా ఒక ఆధారమేనండి. జమీందారీల్లో 1802 ప్రాంతపు శాశ్వత శిస్తుకు (జమీందారు కట్టాల్సిన శిస్తును ఖాయం చేసిన ఏర్పాటుకు) ముందిచ్చిన ఇనాములే ఇనాం కమిషన్ (ఆ హక్కుల్ని విచారించిన సర్కారు సంస్థ) చూసింది. ఆ తర్వాత జమీందారు ఇచ్చినవి ఎస్టేటు లెక్కల్లోనే ఉండిపోయాయి. అందుకే గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం కలెక్టరేటులో 1951 ఎస్టేట్ల రద్దు చట్టం కింది కాగితాలు అడగండి. ముందు ఖతియాన్‌లో (భూమి హక్కుల పత్రంలో) ఇప్పటి ‘హాల్’ ప్లాటు నంబరు, దానికి సరిపడే పాత ‘సాబిక్’ నంబరు రాసుకోండి. ఇది లేకుండా వెళ్తే పక్క పొలం ఫైలు చేతికొస్తుంది.
సత్రాల ధర్మాదాయాలు 1817 ఏడో రెగ్యులేషన్‌తో రెవెన్యూ బోర్డు చూపు కిందికి వచ్చాయి. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసుదే కాబట్టి ఆ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతకాలి.

ప్రశ్న అడిగినవారు:
తాటాకు దస్తావేజు ఒకటి దొరికింది. ‘అంక 19’ అని ఉంది, ఫసలీ (శిస్తు లెక్కల ఏడు) లేదు.

జవాబు 1:
అంక అంటే ఒడిశా రాజుల పాలనా ఏళ్ల లెక్క, కానీ అంక 19 అంటే పందొమ్మిదో ఏడు కాదండి. లెక్క 2తో మొదలవుతుంది, 6తో ముగిసేవీ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. కాబట్టి అది పాలనలో 16వ ఏడు, భాద్రపద శుద్ధ ద్వాదశి సునియా (అంక ఏడు మారే రోజు) నుంచి లెక్క. ఏ రాజు అంకో పేరు చదివాకే ముందుకెళ్లండి. మిగతా కాగితాల్లో ఫసలీ ఉంటే 590 కలపండి, ఫసలీ 1234 అంటే 1824-25. రాతి మీద 1746 బయటపడితే ఆ ఫసలీ కట్టలే మొదట విప్పించండి.