చచ్చిన చిలకకు ఏ మాట వాడాలి?

బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ వేసిన చచ్చిన చిలక స్కిట్‌ను మా తెలుగు సంఘం వేడుకలో వేద్దామనుకుంటున్నాం. 1969లో బీబీసీలో వచ్చింది. కొన్న చిలక చచ్చిందని ఒకాయన దుకాణానికి తెస్తాడు, దుకాణదారు ససేమిరా ఒప్పుకోడు. చివరికి ఆయన చావుకున్న మాటలన్నీ ఏకరువు పెడతాడు. తెలుగులో ఏవి వాడాలి? ‘బాల్చీ తన్నేసింది’ చాలా?

— అది ఇంగ్లీషు బాల్చీ కదండీ! మన సొంత సరుకు బోలెడుంది: నూకలు చెల్లాయి, హరీమంది, గుటుక్కుమంది, టపా కట్టేసింది. కాకపోతే అన్నీ కలిపి గుప్పిస్తే నిఘంటువు చదివినట్టుంటుంది. మన దగ్గర చావు మాటలో పోయినవాళ్ల హోదా కూడా ఉంటుంది. పీఠాధిపతి శివైక్యం చెందుతారు, తాతగారు కాలం చేస్తారు, పేపర్లో నాయకుడు తుదిశ్వాస విడుస్తారు, వీధి చివరి పిసినారి టపా కడతాడు. అందుకే ‘చిలకగారు పరమపదించారండీ’ అని మొదలెట్టి, ఓపిక నశించేకొద్దీ మెట్లు దిగి ‘చచ్చిందయ్యా బాబూ!’ దగ్గర ఆగండి.

— నేనైతే దుకాణదారు మాటల మీదే ఎక్కువ కష్టపడతాను. అసలు ఆ స్కిట్‌కు మూలం అతనే. బృందంలోని మైకేల్ పాలిన్ కారు చూసే గ్యారేజీ ఆయన, పాలిన్ ఏ లోపం చెప్పినా ఒప్పుకునేవాడు కాదట. అది పట్టుకుని ఆ బృందంలోని జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్ 1968లో ముందు కారు మీదే స్కిట్ రాశారు. కారు కాస్తా తర్వాత చిలకైంది. కారు బాగుందా లేదా అని ఎంతసేపైనా వాదించొచ్చు. కళ్లెదుట చచ్చిపడున్నదాన్ని కాదనడానికి ఎంత గుండె కావాలి! ‘నార్వే చిలకండి, పుట్టింటి మీద బెంగ పెట్టుకుంది’ అనిపించండి, హాలు పగిలిపోతుంది.

— చాప్‌మన్ 1989లో పోయినప్పుడు, సంస్మరణ సభలో క్లీజ్ ఆ చిలక మాటలే ఆయనకు వర్తింపజేస్తూ ప్రసంగం ఎత్తుకున్నాడు. అదే మన సంతాప సభలోనైతే ‘కీర్తిశేషులు’ నుంచి ఒక్క మెట్టు కూడా దిగనివ్వరు. ఇంతకీ వేడుకకు పెద్దవాళ్లు వస్తారా?

— ముందు వరసంతా వాళ్లే. అందుకే ‘కాటికి కాళ్లు చాపుకుంది’ కొట్టేశాను. పైగా ఆ మాటంటే, ఇంకా చావలేదుగా అని దుకాణదారు పట్టుకుంటాడు.